మన శాసనాల గ్రూపు మెయిల్స్ చదవబుద్ధి కావాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హనుమకొండ, వరంగల్, కరీంనగర్, ములుగు వైపు పాత గుళ్లు, కోటలు, శాసనాలు వెతుక్కుంటూ తిరిగే మిత్రులంతా ఒక గూగుల్ గ్రూప్‌లో మెయిల్స్ రాసుకుంటున్నారు. రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు గానీ చదివేవాళ్లు తగ్గిపోయారు. ఫాంటు మార్చాలా, నియమాలు పెట్టాలా, లేకపోతే మొత్తం మూసేసి వాట్సాప్‌కు పోవాలా అన్నది మీ సందేహం.

వాట్సాప్‌కు పోవద్దండీ. ఆదివారం ఎన్ని గంటలకు బయల్దేరాలె, ఎవరి కారులో ఎవరు ఎక్కాలె అన్న ముచ్చట్లకు అది చక్కగా పనికొస్తుంది. కానీ రాతి మీది ఒక అక్షరం గురించి నలుగురు కూడి పది రోజులు తర్కించుకున్న మాటలు అక్కడ నెల తిరగకముందే గుడ్ మార్నింగుల కింద పూడుకుపోతాయి. ఫాంటు సంగతి ఆఖర్న చూడొచ్చు. నేను చాలా ఏళ్లు డీటీపీ పని చేసినవాణ్ణి, ఆ తర్వాత ఇట్లాంటి అభిరుచి గ్రూపునే ఒకదాన్ని చూసుకుంటూ వస్తున్నాను. మెయిల్ తెరిచిన మనిషికి ఇది దేని గురించి, ఎక్కడి గురించి, తననేం అడుగుతున్నారు అన్న మూడూ వెంటనే దొరక్కపోతే ఎంత అందమైన అక్షరాల్లో రాసినా మూసేస్తాడు.

రాసేటప్పుడు మన కళ్ల ముందుండేది నిన్నటిదాకా మనతో వాదించిన ఇద్దరు ముగ్గురే. వాళ్లకు సగం చెప్పినా అందుతుంది. కానీ గ్రూపులో ఎక్కువమంది కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఫోన్‌లో చూసేవాళ్లు, వారానికోసారి ఇన్‌బాక్స్ తెరిచేవాళ్లు. వీళ్లు కాక ఇంకొక చదువరి ఉంటాడు. నాలుగేళ్ల తర్వాత అదే రాయి ముందర నిలబడి, దీని మీద ఎవరైనా ఏమైనా రాశారా అని వెతికేవాడు. అతనికి చర్చ మొత్తం దొరకదు, నడిమధ్యలోని ఒక మెయిల్ దొరుకుతుంది. ఆ ఒక్క మెయిల్ ముందువెనకలు లేకుండా అతనికి అర్థమైందంటే మిగతా అందరికీ అర్థమైనట్టే. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఈ ఒక్క కొలతతోనే.

మొదట సబ్జెక్టు లైను. సగం రోగం ఇక్కడే ఉంటుంది. "నిన్నటి ఫోటోలు", "ఒక సందేహం", "చాలా ముఖ్యం", "రీ: రీ: రీ: నమస్కారం" అని పెడితే తెరిచేదాకా విషయం తెలియదు. ఫోన్ తెర మీద సబ్జెక్టులో మొదటి నాలుగైదు మాటలే కనపడతాయి, కాబట్టి ఊరి పేరు ముందుండాలి, వస్తువు తర్వాత, అడిగేది చివర. "కురిక్యాల, బొమ్మలగుట్ట శాసనం, దగ్గరి ఫోటో కావాలి" అంటే చాలు. ఆ ఫోటో ఉన్నవాడు వెంటనే తెరుస్తాడు, లేనివాడికి తెరవకుండానే సంగతి తెలిసిపోతుంది. చదవడం వీలుకాని రోజున వదిలేయగలగడం కూడా చదువరికి మనం చేసే మేలే.

ఊరి పేరును ప్రత్యయం తగిలించకుండా రాయమని మరీ మరీ చెప్తాను. జీమెయిల్‌లో వెతుకులాట మొత్తం మాటను పట్టుకుంటుంది గానీ మాటలోని ముక్కను పట్టుకోదు. మన తెలుగులో పేరుకు లో, లోని, నుంచి, వద్ద అన్నీ అతుక్కుపోతాయి. "పాలంపేటలోని గుడి" అని రాసిన మెయిల్ "పాలంపేట" అని వెతికితే రాకపోవచ్చు. వాక్యంలో ఎట్లా రాసినా సరే, సబ్జెక్టులో ఒకసారి, మెయిల్ మొదటి వరుసలో ఒకసారి పేరును విడిగా, ఉన్నదున్నట్టు పెట్టండి. హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ అని మూడు రకాలుగా రాసేవాళ్లం మనం. గ్రూపులో ఏదో ఒక రూపం ఖాయం చేసుకోండి.

ఊరితో పాటు మండలం, జిల్లా రాయాలి. మన ప్రాంతంలో ఇది తప్పనిసరి. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో అర్బన్ హనుమకొండ జిల్లాగా, రూరల్ వరంగల్ జిల్లాగా పేర్లు మారాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2015 నాటి మెయిల్‌లో వరంగల్ జిల్లా, 2017 నాటి మెయిల్‌లో భూపాలపల్లి, ఇప్పుడు ములుగు. మెయిల్‌లో ఒట్టిగా "మన జిల్లాలో" అని రాస్తే అది ఏ జిల్లానో కొన్నేళ్లకు రాసినవాడికే గుర్తుండదు. కొత్తపల్లి లాంటి పేరైతే ఒక్క ఉత్తర తెలంగాణలోనే ఎన్నో ఊళ్లకు ఉంది, మండలం లేకుండా పట్టుకోలేం.

చర్చ దారి మళ్లితే సబ్జెక్టు మార్చండి. రామప్ప మీద మొదలైన మాట పాకాల చెరువు మీదికి పోతే పాకాల పేరుతో కొత్త మెయిల్ మొదలుపెట్టి, "రామప్ప చర్చలోంచి వచ్చింది" అని ఒక వరుస రాయాలి. జీమెయిల్ సబ్జెక్టు మారితే కొత్త చర్చగా విడదీస్తుంది, ఇక్కడ మనకు కావలసింది కూడా అదే. దీనికి తిరకాసు కూడా ఉంది. సబ్జెక్టులో ఒక అక్షరం సరిదిద్దినా చర్చ రెండుగా చీలిపోతుంది. కాబట్టి విషయం మారకపోతే సబ్జెక్టు ముట్టుకోవద్దు, అచ్చుతప్పు ఉన్నా సరే.

గ్రూపు పేరు ప్రతి సబ్జెక్టు ముందూ బ్రాకెట్లో వచ్చేటట్టు పెట్టుకున్నామన్నారు. అది తీసేయండి, లేదా రెండక్షరాలకు కుదించండి. ఫోన్‌లో కనపడే కాస్త చోటునూ అదే తినేస్తున్నది. గ్రూపు మెయిల్స్‌ను వేరు చేసుకోవడానికి ఆ పేరు అవసరం లేదు. ప్రతి గ్రూపు మెయిల్ లోపల కనపడకుండా లిస్ట్-ఐడీ అనే గుర్తు ఉంటుంది, 2001 నుంచి అదొక ప్రమాణం. జీమెయిల్ ఫిల్టర్ దాన్ని చూసే విడిగా పెట్టగలదు.

ఇక జవాబులు. మీరు పంపిన నమూనాలో రెండు మాటల జవాబు కింద పదకొండు పాత మెయిల్స్ వేలాడుతున్నాయి. పాత పద్ధతిలో, ఎదుటివారి మాటను ">" గుర్తుతో ఉంచి, దాని కింద మన జవాబు రాసేవాళ్లు. 1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1855, కూడా జవాబిచ్చేటప్పుడు పై మెయిల్ సారాన్నో, సందర్భం తెలిసేంత ముక్కనో పైన ఉంచమనే చెప్పింది. ఇప్పుడు ఫోన్లు మన జవాబును పైన పెట్టి పాతదంతా మూడు చుక్కల కింద దాచేస్తాయి. జవాబు పైనా కిందా అన్న గొడవ మీద గ్రూపులు విడిపోవడం చూశాను, దానికి అంత శక్తి పెట్టవద్దు. జవాబు పైనే రాసుకోనివ్వండి. రెండు పనులు మాత్రం అలవాటు చేయండి: ఏ వాక్యానికి జవాబిస్తున్నారో దాన్ని ఒక్కదాన్ని కాపీ చేసి పైన పెట్టడం, మిగతా తోక మొత్తం చెరిపేయడం.

> నాలుగో పంక్తిలో ఉన్నది బండి ఱ అని నా అభిప్రాయం.
నేనూ వెళ్లి చూశాను. పక్కన రాయి పెచ్చు ఊడింది, అందుకే అట్లా కనపడుతున్నది. మామూలు ర అనుకుంటున్నాను.

ఇంత చాలు. "అవును", "నేనూ ఒప్పుకుంటా", "నాకు సందేహమే" అన్న జవాబులు మాత్రం ఇక మానుకోవాలి. దేనికి అవును? చదివేవాడు పాత మెయిల్ తెరిచి వెతుక్కోవాలా?

తోక చెరిపేయమనడానికి మన భాషకే సంబంధించిన కారణం ఒకటుంది. యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చెల్లే అక్షర సంకేతాల ప్రమాణం) తెలుగు అక్షరం, దాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ వేర్వేరుగా లెక్క. "స్త్రీ" అని రాస్తే లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. మెయిల్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ అడుగుభాగాన్ని కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. ఇంగ్లీషు గ్రూపులకు ఎప్పుడో తగిలే ఆ హద్దు తోకలు పెంచే తెలుగు గ్రూపుకు తొందరగా తగులుతుంది. మీ పెద్దవాళ్లు కొందరు "సగం మెయిలే వస్తున్నది" అంటున్నారు కదా, ముందు దీన్నే అనుమానించండి.

శాసన పాఠం పంపే పద్ధతి మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ గ్రూపు ప్రాణం అదే. పాఠాన్ని పేరాగా కలిపేసి పంపుతున్నారు. రాతి మీద మాట మధ్యలోనే పంక్తి తెగుతుంది, మెయిల్ తన ఇష్టం వచ్చినచోట వరుస తెంచుతుంది. రెండూ కలిసిపోతే రాతి పంక్తి ఏదో తెలియదు. అందుకే ప్రతి రాతి పంక్తికీ ముందు అంకె వేయండి, ఫోన్‌లో వరుస విరిగినా అంకె కాపాడుతుంది. చదవగలిగింది మామూలుగా, అనుమానమున్నది చదరపు బ్రాకెట్లో, పోయిన అక్షరాలకు చుక్కలు. పురావస్తు శాఖ శాసన పాఠాలు అచ్చువేసిన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల్లోనూ పంక్తులకు అంకెలు, అనుమానపు అక్షరాలకు చదరపు బ్రాకెట్లు ఉంటాయి, కనుక అలవాటైనవాళ్లకు కొత్త కాదు. ఊహించిన ఉదాహరణ:

1. స్వస్తి సమధిగత పంచమ
2. హాశబ్ద మహామండలే[శ్వ]
3. ర అనుమకొండ పుర . . శ్వర

ఇందులో మూడో పంక్తిలో పోయినవి "వరే" అని మనకందరికీ తెలుసు, కాకతీయుల బిరుదుల్లో ఎన్నోసార్లు వచ్చే మాట. తెలిసినా పాఠంలో చుక్కలే ఉంచి, కింద "పురవరేశ్వర అయి ఉంటుంది" అని విడిగా రాయాలి. కన్ను చూసింది ఒకచోట, బుద్ధి పూరించింది ఇంకొకచోట ఉండాలి. రెండూ కలిపి రాసిన మెయిల్‌ను తర్వాత ఎవరో తమ వ్యాసంలోకి ఎత్తుకుంటారు, మన ఊహ రాతి మీది అక్షరంగా స్థిరపడిపోతుంది. దీన్ని నేను చదవడానికి వీలు అన్న సంగతి కంటే ఎక్కువగా, నిజాయితీ సంగతిగా చూస్తాను.

తేదీలకూ ఇదే. శాసనంలో ఉన్న తేదీ ముందు, మన లెక్క తర్వాత. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట శాసనం చాళుక్య విక్రమ సంవత్సరం (చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు మొదలుపెట్టిన లెక్క) 42లో ఉంది, అంటే క్రీ.శ. 1117. కొత్తగా చేరినవారికి ఒట్టి 42 కనపడితే అర్థం కాదు, ఒట్టి 1117 కనపడితే అది రాతి మీద ఉందనుకుంటారు. శక సంవత్సరానికి 78 కలిపే లెక్కను కూడా చూపించండి, ఎందుకంటే అది అన్నిచోట్లా సరిపోదు. రామప్ప శాసనం శక 1135 చైత్రం, 78 కలిపితే 1213, సరిగ్గా వస్తుంది. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘమాసం, 78 కలిపితే 1162 అవుతుంది. కానీ మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోయింది కాబట్టి అది 1163 జనవరి. మెయిల్‌లో నెల కూడా రాసి ఉంటే ఎవరైనా సరిచూసుకోగలరు.

పాత అక్షరాలతో ఇంకో చిక్కు. ప్రాచీన శాసనాల్లోని ఴ 2014లో, నకారప్పొల్లు (పొల్లు న్‌కు వాడే పాత గుర్తు) 2021లో యూనికోడ్‌లో చేరాయి. కొంచెం పాత ఫోన్లలో వాటి బదులు ఖాళీ డబ్బాలు కనపడతాయి. అక్షరం వాడండి, వాడినచోట మాటల్లో కూడా చెప్పండి: "ఇక్కడున్నది ళ కాదు, పాత ఴ". డబ్బా కనపడ్డవాడికి కూడా సంగతి అందుతుంది.

అను ఫాంట్ల (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) సంగతి మీరు అడగలేదు గానీ, మీ నమూనాల్లో ఒకటి అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల వరుసగా ఉంది. అది పాత డీటీపీ ఫైలులోంచి నేరుగా కాపీ చేసిన తెలుగు. ఆ ఫైళ్లలో ఉన్నవి లోపల ఇంగ్లీషు సంకేతాలు, పైన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేనిచోట బొమ్మ పోయి సంకేతం మిగులుతుంది. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, అంకెలు, బండి ఱ ఒకసారి మూలంతో పోల్చి చూసుకోవాలి. శాసన పాఠమైతే మార్చడం కంటే మళ్లీ టైపు చేయడమే నయం.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లను కసురుకోవద్దు. వాళ్లలో చాలామందికి టైపింగు రాదు, చెప్పాల్సింది మాత్రం బోలెడుంది. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు తెలుగు మాటను విని రాసిపెడుతుంది, పక్కన కూర్చుని ఒకసారి చూపించండి. రిటైర్డ్ టీచర్లు దీంతో ఎంత చక్కగా రాస్తారో మీరే చూస్తారు. ఊళ్ల పేర్లు మాత్రం అది తప్పుగా వింటుంది, పంపేముందు అవి చూసుకోవాలి.

పేజీ రూపం గురించి తొందరగా చెప్పేస్తాను. పేరాకు మూడు నాలుగు వాక్యాలు, పేరాల మధ్య ఒక ఖాళీ వరుస. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి కిక్కిరిసిన పేరా ఇంగ్లీషు కంటే ఎక్కువ కళ్లను నొప్పిస్తుంది. రెండువైపులా అంచులు సమానం చేయొద్దు. మన మాటలు పొడుగు, చిన్న తెర మీద మధ్యలో సందులు పడతాయి. వర్డ్‌లో రంగులద్ది తెచ్చి అతికించొద్దు, నల్లతెర పెట్టుకున్నవాళ్లకు ముదురు నీలం అక్షరాలు కనపడనే కనపడవు. పంక్తి అంకెలు, బ్రాకెట్లు సాదా అక్షరాల్లోనే ఉంటాయి కనుక ఏ ఫోన్‌లోనైనా చెక్కుచెదరవు. మీ సంతకంలో పదవులు, బిరుదులు, ఫోన్ నంబర్లు, సూక్తి కలిపి తొమ్మిది వరుసలు ఉంటున్నాయి. పేరు, ఊరు చాలు.

ఫోటోలు పంపేటప్పుడు ఒకే మెయిల్‌లో ముప్పై జోడిస్తే ఎవరూ దించుకోరు, జీమెయిల్ 25 మెగాబైట్లు దాటనివ్వదు కూడా. డ్రైవ్‌లో ఫోల్డరు పెట్టి లింకు ఇవ్వండి, మెయిల్‌లో రెండు ముఖ్యమైనవే ఉంచండి. ఒకటి రాయి మొత్తం, పక్కన కొలత తెలిసే వస్తువుతో. రెండోది చర్చలో ఉన్న అక్షరం, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుతురు పడ్డప్పుడు తీసినది. ఫోటో కింద ఏ ఊరు, ఏ దిక్కు ముఖం, ఎప్పుడు తీశారు అని రాయాలి. ఫోటోలోని అక్షరాలను వెతుకులాట చదవలేదు, మీరు టైపు చేసిన వరుసే దొరుకుతుంది. లింకు పనిచేయకుండా పోయినా ఆ వరుస మిగులుతుంది.

ధన్యవాదాలు, పండుగ శుభాకాంక్షలు, పుట్టినరోజులు వాట్సాప్‌కు పంపించండి. రోజంతటి మెయిల్స్ కలిపి ఒకటిగా తెప్పించుకునే సభ్యులకు ఒక మాట చెప్పాలి: దానికి అట్లాగే జవాబు కొడితే సబ్జెక్టులో "డైజెస్ట్" అని మాత్రమే పోతుంది, అసలు సబ్జెక్టు చేత్తో రాయాలి.

నియమాల పత్రం గురించి. రాయండి గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. జనం పత్రం చదివి మారరు, పక్కవాడు రాసింది చూసి మారతారు. గ్రూపులో ఎక్కువగా రాసే నలుగురిని పట్టుకుని, ఒక నెలపాటు ఇట్లా రాయమని అడగండి. నమూనాగా ఇది ఇవ్వొచ్చు:

సబ్జెక్టు: కురిక్యాల, బొమ్మలగుట్ట శాసనం, దగ్గరి ఫోటో కావాలి
కురిక్యాల, గంగాధర మండలం, కరీంనగర్ జిల్లా.
బొమ్మలగుట్ట మీది జినవల్లభుని శాసనం గురించి. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్న పదో శతాబ్దపు శాసనం ఇది. ఇందులోని తెలుగు కందపద్యాలను రాతి మీద పంక్తి పంక్తిగా చదవాలనుకుంటున్నాను. నా ఫోటోలు మధ్యాహ్నం తీసినవి, గీతలు కనపడటం లేదు.
ఏటవాలు వెలుతురులో తీసినవి ఎవరి దగ్గరైనా ఉంటే లింకు పంపగలరు. లేకుంటే వచ్చే ఆదివారం పోతున్నాను, తోడు వచ్చేవాళ్లు వాట్సాప్‌లో చెప్పండి.

దీనికి తోడు నెలకొకసారి, వంతులవారీగా ఒకరు ఆ నెల చర్చల సారం రాయాలి. ఒక్కో చర్చకు రెండు వరుసలు: ఏం అడిగారు, ఎక్కడ తేలింది లేదా ఎక్కడ ఆగింది, మూల మెయిల్ లింకు. తేలని వాటిని తేలలేదనే రాయాలి. చదవడం మానేసినవాళ్లు మళ్లీ లోపలికి వచ్చేది ఈ సారం పట్టుకునే. నేను చూసుకునే గ్రూపులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే, మీరు ఒక్కటే చేయగలిగితే దీన్ని చేయండి. వంతు మాత్రం తిరగాలి, ఒకరి మీదే పడితే ఏడాదిలోపు ఆగిపోతుంది.

చివరిగా, దాచుకోవడం. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్ 15న పూర్తిగా మూతబడింది. తెలుగులో సాహిత్యం మీద, చరిత్ర మీద చర్చలు అక్కడ ఏళ్లపాటు నడిచాయి, దించుకోనివాళ్లకు అవి పోయినట్టే. మీరు గ్రూపు ఓనరు కాబట్టి గూగుల్ టేకౌట్ అనే దించుకునే సదుపాయంలోంచి మొత్తం మెయిల్స్‌ను ఎమ్‌బాక్స్ అనే రకం ఫైలుగా దించుకోవచ్చు. థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాముకు ఒక యాడ్-ఆన్ తగిలిస్తే దాన్ని తెరిచి వెతుక్కోవచ్చు. ఏడాదికి రెండుసార్లు దించి, మీ దగ్గర ఒక కాపీ, కరీంనగర్ మిత్రుల దగ్గర ఒక కాపీ ఉంచండి. ఫోటోల ఫోల్డరు ఆ ఫైలులో రాదు, దాన్ని విడిగా దించుకోవాలి.